లాగే బండికి బ్రేకులు: ఏ ప్యాడ్లు, ఏ డిస్కులు?

పాఠకుల ప్రశ్నలకు మేస్త్రీ జవాబులు

బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో హెల్పర్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు ఆటోనగర్‌లో సొంత షెడ్డు నడుపుకుంటున్నాను. ముప్పై ఆరేళ్లుగా ఇదే పని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వెనక బరువు లాగే బండ్ల బ్రేకుల గురించే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. కొత్తవాళ్లకు ఒక మాట: డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, ప్యాడ్లు దాన్ని రెండు పక్కలా నొక్కి పట్టే ముక్కలు, ఆ ప్యాడ్లను నొక్కేది క్యాలిపర్. డ్రమ్ము అంటే లోపలి నుంచి లైనర్లు పట్టే ఇనుప గిన్నె. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. ముక్తసరిగా చెప్పి వదిలేసే సంగతి కాదది.

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్తే. మాది హయత్‌నగర్. నాకో డీజిల్ పికప్ ఉంది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దానికి జనరేటర్ ట్రాలీ తగిలించుకుని షూటింగులకూ, ఫంక్షన్ హాళ్లకూ తిరుగుతాను. కాటా వేయిస్తే జనరేటర్, ట్రాలీ కలిపి 1,400 కిలోలు తూగింది. ట్రాలీకి బ్రేకులు లేవు. ఏడాదిలో రెండోసారి ముందు ప్యాడ్లు అయిపోయాయి. పోయిన నెల వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్ట దిగుతుంటే స్టీరింగ్ గజగజ వణికింది, కాలిన వాసన వచ్చింది. ఒకాయన సిరామిక్ ప్యాడ్లు వెయ్యమంటాడు. ఇంకొకాయన డిస్కులు వంకరపోయాయి, లేత్ పట్టిస్తే చాలంటాడు. ఎవరి మాట వినాలి?
— పికప్ యజమాని, హయత్‌నగర్

జవాబు: తమ్ముడూ, మీరు అడిగింది ప్యాడ్ల గురించి. కానీ నా కళ్లు మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి: ‘ట్రాలీకి బ్రేకులు లేవు.’ 1,400 కిలోల ఇనుము మీ వెనకే దొర్లుకుంటూ వస్తోంది. దాన్ని ఆపే భారం మొత్తం మీ పికప్ మీద, అందులోనూ ముందు చక్రాల మీద పడుతోంది.

చిన్న లెక్క చూద్దాం, బడిలో చదువుకున్న లెక్కే. మనిషి, సామాను కలిపి మీ పికప్ 2,000 కిలోలు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి దాన్ని పూర్తిగా ఆపాలంటే 278 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారాలి. ట్రాలీ తగిలిస్తే మొత్తం 3,400 కిలోలు, అప్పుడు వేడి 472 కిలోజౌళ్లు. అదే ట్రాలీతో 80 మీద పోతూ ఆపితే 840. బరువు రెట్టింపైతే వేడి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ముందు డిస్కు ఒక్కోటి 8 కిలోలు ఉండి, ఒక్కోటి ఆ వేడిలో మూడో వంతు మోస్తుందనుకుందాం. ట్రాలీ లేని పికప్‌ను 60 నుంచి ఒకసారి ఆపితే డిస్కు సుమారు 25 డిగ్రీలు వేడెక్కుతుంది. ట్రాలీతో ఆపితే 43 డిగ్రీలు. 80 నుంచి అయితే 76 డిగ్రీలు. ఊళ్లో సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య గాలి తగిలి చల్లారుతుంది. గుట్ట దిగేటప్పుడు మలుపు మలుపుకూ కాలు వేస్తారు, చల్లారే వ్యవధి ఉండదు. పదిసార్లు వేస్తే డిస్కు ఎక్కడికి చేరుతుందో మీరే కూడుకోండి.

కాబట్టి ప్యాడ్లు కొనే ముందే ట్రాలీకి బ్రేకులు పెట్టించండి. కరెంటు వైర్లు, కంట్రోలర్లు అవసరం లేని పద్ధతి ఒకటుంది, ఓవర్‌రన్ బ్రేక్ అంటారు. మీరు పికప్‌ను నెమ్మది చేయగానే ట్రాలీ వచ్చి హిచ్‌ను, అంటే దాన్ని తగిలించే కొక్కేన్ని, నెడుతుంది. ఆ నెట్టుడుకు ట్రాలీ ముందు కడ్డీ లోపలికి జరిగి, తీగ లాగి, ట్రాలీ డ్రమ్ములను పట్టిస్తుంది. ట్రాలీ ఎంత బలంగా నెడితే దాని బ్రేకు అంత బలంగా పడుతుందన్నమాట. ట్రాలీ ఇరుసు డ్రమ్ములు బిగించడానికి వీలుగా ఉందో లేదో చూపించండి, లేకపోతే ఇరుసే మార్చాల్సి వస్తుంది. ఖర్చు అవుతుంది, నాకు తెలుసు. అయినా ఏడాదికి రెండుసార్లు ప్యాడ్లు మార్చే ఖర్చుతో దీన్ని పోల్చకండి. గుట్ట మీద మీకు ఎదురొచ్చే ఆటోతో, అందులో కూర్చున్న వాళ్లతో పోల్చండి.

ఇప్పుడు ప్యాడ్లు. బజార్లో మూడు రకాలు. ఆర్గానిక్ రకం అంటే నార, రబ్బరు, రెజిన్ లాంటివి కలిపి వేడి మీద నొక్కినవి. మెత్తగా పట్టుకుంటాయి, చప్పుడు చేయవు, డిస్కును తినవు. కానీ బాగా కాలితే అందులోని రెజిన్ మాడి గ్యాసు వదులుతుంది. ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఆ గ్యాసు చేరితే పట్టు జారుతుంది. అనంతగిరి మీద మీ ముక్కుకు తగిలింది ఆ మాడు వాసనే. సిరామిక్ రకానికి ధూళి తక్కువ, కూత తక్కువ, చక్రాలు నల్లబడవు. కారులో ఆఫీసుకు వెళ్లొచ్చే వాళ్లకు నేనే వేస్తాను. మూడోది సెమీ మెటాలిక్. బరువులో 30 నుంచి 65 శాతం దాకా ఉక్కు పీచు, ఇనుప పొడి, రాగి లాంటి లోహాలే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు కొంచెం మొండిగా ఉంటుంది, కూస్తుంది, నల్లటి పొడి రాలుతుంది, డిస్కును కాస్త తొందరగా అరగదీస్తుంది. ఇవన్నీ ఒప్పుకుని కూడా మీ బండికి నేను వేసేది సెమీ మెటాలికే. వేడి పెరుగుతున్న కొద్దీ పట్టు నిలబెట్టుకునేది అదే. లోహం ఎక్కువ కాబట్టి డిస్కు మీది వేడిని లాక్కుంటుంది కూడా. అయితే ఆ లాక్కున్న వేడి క్యాలిపర్‌లోకి, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌లోకి పోతుంది. ఆ సంగతి కిందకు వస్తాను.

డబ్బా మీద ‘హెవీ డ్యూటీ’ అని రాసి ఉంటే నమ్మి కొనకండి. ప్యాడ్ తిప్పి చూడండి. చాలా ప్యాడ్లకు అంచు మీదో, వెనక రేకు మీదో అంకెలు, అక్షరాలు కలిపి ఒక వరస అచ్చు వేసి ఉంటుంది. అందులో చివరి రెండు ఇంగ్లిషు అక్షరాలు పట్టు ఎంతో చెబుతాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పుడు పట్టు. ‘ఇ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. మీకు ‘ఎఫ్ఎఫ్’ కంటే తక్కువ వద్దు. ‘ఎఫ్ఇ’ అని ఉంటే, చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టి, మీకు అవసరమైన గుట్ట మీద చేయి వదిలేసేదని అర్థం. మరీ ఎక్కువ పట్టు కూడా మంచిది కాదు. వెనక డ్రమ్ములతో పొత్తు కుదరక, వాన రోడ్డు మీద ముందు చక్రాలు బిగుసుకుపోతాయి. ఈ అక్షరాలు ఒక చిన్న ముక్కను పరీక్షించి ఇచ్చేవి. ప్యాడ్ ఎన్నాళ్లు మన్నుతుందో, ఎంత కూస్తుందో ఇవి చెప్పవు.

ఇక డిస్కులు. ‘వంకరపోయాయి’ అనే మాట మా షెడ్డులో రోజుకు నాలుగుసార్లు వింటాను. పోత ఇనుము అంత తేలిగ్గా వంగదు. ఎక్కువసార్లు జరిగేది వేరు. బాగా కాలిన బ్రేకులతో గుట్ట దిగి వచ్చి, కింద ఆగి, కాలు పెడల్ మీదే అదిమి పెట్టి ఉంచుతారు. కాలిన ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే డిస్కు మీద అచ్చు పడుతుంది. తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ ప్యాడ్ ఆ మచ్చ మీద ఒకలా, పక్కన ఇంకోలా పట్టుకుంటుంది. కొన్నాళ్లకు డిస్కు మందంలోనే తేడా వస్తుంది. 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు, స్టీరింగ్ చేతుల్లో వణకడానికి. తల వెంట్రుక మందంలో అది మూడో వంతు కూడా ఉండదు.

ఇది కళ్లతో తేలదు. చక్రం విప్పించి, మైక్రోమీటర్‌తో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిపించండి, అంచు నుంచి వేలెడు లోపలికి. వర్నియర్ పెడితే అరగకుండా మిగిలిపోయిన అంచు గట్టు మీద కూర్చుని తప్పు కొలత చూపిస్తుంది. ఎనిమిది అంకెలూ కాగితం మీద రాయించుకోండి. డిస్కు టోపీ (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) మీదో అంచు మీదో కనీస మందం అచ్చు వేసి ఉంటుంది, తుప్పు గీకితే కనబడుతుంది. ఏ ఒక్క అంకె దాని కంటే తగ్గినా ఆ డిస్కు పాత ఇనుముకే. మందం సరిపడా మిగిలి ఉన్నా సరే, నీలి మచ్చలు గుండ్రంగా కనబడినా, గోరు తగులుకునే పగులు ఒక్కటి అంచు దాకా పాకినా అంతే. పైపైన గీతల్లాగా ఉండే సన్న నెర్రెలకు భయపడక్కర్లేదు.

లేత్ పట్టించడం నా చేతి పనే. అందులోనే నాకు మొదటి జీతం వచ్చింది. అయినా మీకు వద్దంటాను. ఊళ్లో తిరిగే కారుకైతే అర మిల్లీమీటరు తీసేసి సాఫు చేసి ఇస్తాను. మీ బండికి డిస్కులో ఉన్న ప్రతి గ్రాము ఇనుమూ వేడి దాచుకునే చోటు. దాన్ని తోడేసి పలచన చేస్తే అదే గుట్ట మీద ఇంకా తొందరగా కాలుతుంది. కొత్తవి వేయండి, రెండు వైపులా ఒకేసారి.

కొత్తవి కొనేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి. మధ్యలో గాలి సందులున్న డిస్కే కావాలి, సైజు కంపెనీ ఇచ్చిందే ఉండాలి. రెండోది నేను ఇప్పటికీ చేసే పని: కంపెనీ డిస్కునూ, బయటి డిస్కునూ పక్క పచారీ కొట్టు కాటా మీద తూస్తాను. సైజు ఒకటే ఉండి బయటిది బరువు తగ్గితే, ఎక్కడో ఇనుము మిగుల్చుకున్నారన్నట్టే. లోపల సందుల మధ్య రెక్కలు లెక్కపెట్టండి. తక్కువ ఉంటే పెట్టేసి వచ్చేయండి.

బిగించేటప్పుడు మీరు పక్కన నిలబడండి. డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పును తీగ బ్రష్‌తో మెరిసేదాకా గీకించాలి. అక్కడ ఇసుక రేణువంత తుప్పు మిగిలినా డిస్కు అంచు దగ్గర ఊగుడు అవుతుంది. డయల్ గేజ్ ఉన్న మేస్త్రీ అయితే ఊగుడు 0.05 మిల్లీమీటర్ల లోపు ఉందో లేదో చూపిస్తాడు. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడగాలి. క్యాలిపర్ పిన్నులకు సిలికాన్ గ్రీజు రాయాలి. బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది.

బ్రేక్ ఆయిల్ సంగతి చెబుతానన్నాను. 2003 ఎండాకాలంలో చెడిపోయిన ఒక జీపును టో బార్‌తో కట్టుకుని శ్రీశైలం నుంచి హైదరాబాద్ తీసుకొస్తున్నాం. నేను డ్రైవింగ్, పక్కన హెల్పర్ కుర్రాడు. సున్నిపెంట దాటి లింగాలగట్టు వైపు దిగే మలుపుల్లో మొదట పెడల్ మెత్తబడింది. తర్వాతి మలుపులో కాలు పెడితే నేల దాకా పోయింది, స్పంజిని తొక్కినట్టు. ప్యాడ్లు కొత్తవే. రెండో గేరులోకి దింపి, హ్యాండ్‌బ్రేక్ లాగుతూ, బండిని కొండ వైపు రాళ్లకు రాపిడి పెట్టి ఆపాను. ఎడమ పక్క తలుపులు రెండూ నలిగాయి. కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. బయల్దేరే ముందు ఒక వర్క్‌షాపులో సర్వీసు చేయించాం, బిల్లులో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు రాసి ఉంది. షెడ్డుకు వచ్చాక గాజు సీసాలోకి తీసి చూస్తే టీ డికాక్షన్ రంగులో ఉంది. కొన్నేళ్లుగా ఎవరూ మార్చలేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3, డాట్ 4 అని డబ్బా మీద రకం రాసి ఉంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తది 230, తడిసింది 155. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ఆయిల్ నొక్కితే నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకు పోతుంది. సెమీ మెటాలిక్ ప్యాడ్ వేడిని క్యాలిపర్‌లోకి పంపుతుందన్నాను కదా, అందుకే మీరు డాట్ 4 పోయించాలి, సీలు విప్పని డబ్బా నుంచి. రెండేళ్లకోసారి మార్చమంటారు. బరువు లాగే బండికి నేను ఏటా వానాకాలం వెళ్లగానే మారుస్తాను. పాత ఆయిల్ సీసాలోకి తీసి మీకు చూపించమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

కొత్త ప్యాడ్లు, డిస్కులు వేసిన రోజే ట్రాలీ తగిలించొద్దు. తెల్లవారుజామున పెద్ద అంబర్‌పేట వైపు సర్వీసు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, వెనక ముందు చూసుకుని, 60 నుంచి 20 దాకా మధ్యస్థంగా బ్రేకు వేస్తూ రండి. పూర్తిగా ఆపకండి. అలా ఎనిమిది, పదిసార్లు. తర్వాత పది కిలోమీటర్లు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్ పదార్థం డిస్కు అంతటా ఒకే పొరగా పరుచుకుంటుంది, ఆ వణుకు మళ్లీ తొందరగా రాదు. గుట్టల మీద మన పాత లారీ డ్రైవర్ల లెక్కే పాటించండి: ఎక్కిన గేరులోనే దిగడం. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించొద్దు. ఎదురుగా గూడ్సు బండి ఉన్నంత మాత్రాన కాలు సన్నగా ఆనించి ఉంచొద్దు. ఒకసారి గట్టిగా వేసి, వదిలి, గాలి తగలనివ్వండి.

ప్రశ్న: మేస్త్రీ అన్నా, నేను ఆరాంఘర్ దగ్గర రికవరీ బండి నడుపుతా. పికప్ ఛాసిస్ మీద వీల్ లిఫ్ట్ (చెడిపోయిన కారు చక్రాలను ఎత్తి లాగే సాధనం) కట్టించారు మా ఓనర్. బరువుకు వెనక కుంగుతోందని కమాన్ కట్టకు రెండు పట్టీలు ఎక్కువ వేయించారు. అప్పటి నుంచి ముందు ప్యాడ్లు అయిదు నెలలకే అయిపోతున్నాయి, ఎడమ పక్క లోపలి ప్యాడ్ మరీ తొందరగా. ఖరీదైన ప్యాడ్లు వేస్తే మన్నుతాయా?
— రికవరీ డ్రైవర్, ఆరాంఘర్

జవాబు: ఖరీదైనవి వేసినా అయిదు నెలలే, తమ్మీ. రెండు రోగాలున్నాయి, రెండూ ప్యాడ్లవి కావు.

మొదటిది ఆ పట్టీలు. వెనక ఇరుసు పైన ఛాసిస్‌కు ఒక వాల్వు ఉంటుంది, దాని నుంచి ఇరుసుకు ఒక కడ్డీ గానీ స్ప్రింగు గానీ దిగుతుంది. పడుకుని చూడు, కనబడుతుంది. బరువు పడి బండి కుంగితే ఆ కడ్డీ పైకి లేచి, ‘లోడు ఉంది, వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువ పంపు’ అని వాల్వుకు చెబుతుంది. మీరు పట్టీలు ఎక్కించాక బండి కుంగడం మానేసింది. లోడు ఎంతున్నా వాల్వు ఖాళీ బండే అనుకుంటోంది. వెనక డ్రమ్ములు సగం పని మాని కూర్చున్నాయి, ఆ పని కూడా ముందు ప్యాడ్లే చేస్తున్నాయి. కంపెనీ కొలత ప్రకారం ఆ వాల్వును మళ్లీ సెట్ చేయించాలి. కొందరు ఆ వాల్వునే పీకేసి గొట్టం నేరుగా కలిపేస్తారు. దానికి ఒప్పుకోకు. ఖాళీగా వానలో పోతుంటే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది.

రెండోది ఎడమ లోపలి ప్యాడ్. మీ క్యాలిపర్‌లో పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నెడుతుంది. ఆ ఊపుకు క్యాలిపర్ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాక్కుంటుంది. పిన్నులు పట్టేస్తే బయటిది ఖాళీగా కూర్చుంటుంది, లోపలిదే అరుగుతుంది. పిన్నులు చేత్తో జరుగుతున్నాయా చూడు. జరుగుతుంటే పిస్టన్ వెనక్కి రావడం లేదేమో చూడాలి. డ్యూటీ దిగాక రెండు ముందు చక్రాల దగ్గరా అరచేయి గాలిలో పెట్టి చూడు, ముట్టుకోకు. ఎడమ వైపు సెగ ఎక్కువ తగిలితే పిస్టన్ పట్టేసినట్టే, సీలు కిట్ మార్చాలి.

ఒక మాట మీ ఓనర్‌కు కూడా చదివి వినిపించు. వెనక ఇరుసు అవతల కారును ఎత్తితే పికప్ ముందు భాగం తేలికవుతుంది. తేలికైన ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అప్పుడు ప్రపంచంలోని ఏ ప్యాడ్ వేసినా ఆగే దూరం పెరుగుతుంది. పెద్ద ఎస్‌యూవీని ఆ చిన్న పికప్‌తో ఎత్తమంటే నువ్వు కాదనాలి. దానికి కారును మొత్తంగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండిని పిలవాలి.

ప్రశ్న: డిస్కులకు రంధ్రాలు కొట్టినవి వేస్తే చల్లగా ఉంటాయంటున్నారు. క్యాంపింగ్ ట్రైలర్ లాగే నా పికప్‌కు వేయించనా?
— మియాపూర్ పాఠకుడు

జవాబు: వద్దు. రంధ్రం పడిన ప్రతిచోటా అంత ఇనుము పోయినట్టే, వేడి దాచుకునే చోటు తగ్గినట్టే. పైగా కాలి చల్లారి, కాలి చల్లారి, ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. రెండు రంధ్రాలను కలిపేసిన పగులు నా చేత్తో పట్టుకుని చూశాను. గీతలు కోసిన డిస్కులు నయం, గ్యాసునూ పొడినీ బయటకు తోస్తాయి, కాకపోతే ప్యాడ్లను తొందరగా తింటాయి. మీకు సాదా ముఖం, మధ్యలో గాలి సందులు, నిండు బరువు ఉన్న డిస్కు చాలు. మిగిలిన డబ్బు ట్రైలర్ బ్రేకుల మీద పెట్టండి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, నేను సైనిక్‌పురిలో క్యాటరింగ్ చేస్తాను. వంట సామాను ట్రైలర్‌ను మా పికప్ లాగుతుంది. రాణిగంజ్‌లో అడిగితే ఒకే కంపెనీ పేరున్న ప్యాడ్లు రెండు దుకాణాల్లో రెండు ధరలు చెప్పారు, ఒకటి దాదాపు సగం. డబ్బాలు చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. నాకు బండ్ల గురించి తెలియదు, డ్రైవర్ చెప్పిందే నమ్మాలి. ఎలా గుర్తుపట్టాలి?
— క్యాటరింగ్ నిర్వాహకురాలు, సైనిక్‌పురి

జవాబు: అమ్మా, మంచి ముత్యాలు ఏరినట్టు పప్పు ఏరగలిగిన చేతికి ఇది కష్టం కాదు. డబ్బాను పక్కన పెట్టి ప్యాడ్‌ను చేతిలోకి తీసుకోండి.

ముందు అంచు చూడండి, ఉక్కు రేకుకూ నల్లటి పదార్థానికీ మధ్య. మంచి ప్యాడ్‌లో ఆ గీత ఎక్కడా తెరుచుకుని ఉండదు, గోరు దూరదు. రేకు రెండు ప్యాడ్లకూ ఒకే మందం, చదునుగా ఉండాలి. గాజు పలక మీద బోర్లా పెడితే ఊగకూడదు. నల్లటి ముఖం మీద రంగు వేసినట్టు మెరుపు ఉంటే అనుమానించండి. గోటితో గీరితే బొగ్గులా రాలితే తిరిగిచ్చేయండి. అంచు మీద అచ్చు లోతుగా, అక్షరాలు తిన్నగా ఉండాలి. నాలుగు ప్యాడ్లకూ బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. కొన్నింటి మీద గుండ్రటి గీతలో ‘ఇ’ అక్షరం, పక్కన అంకె, వాటి దగ్గరే 90తో మొదలయ్యే ఆమోద సంఖ్య ఉంటాయి. అది యూఎన్ రెగ్యులేషన్ 90 గుర్తు. కంపెనీ ప్యాడ్ పనితీరుకు 15 శాతం అటూ ఇటూ దాటకూడదని దాని నియమం. ఆ గుర్తు ఉంటే నాకు సగం దిగులు తీరుతుంది.

రాణే, అలైడ్ నిప్పాన్, టీవీఎస్ గిర్లింగ్ లాంటివి నేను వాడతాను. పేరు ఏదైనా బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొంటాను. జీఎస్టీ నంబరుతో, పార్ట్ నంబరు రాసిన బిల్లు అడగండి. సగం ధర చెప్పిన అతను బిల్లు మాట ఎత్తగానే ఏమంటాడో వినండి, మీకే తెలిసిపోతుంది.

నా షెడ్డు గోడకు ఒక మేకు మీద ఒక ప్యాడ్ రేకు వేలాడుతుంటుంది. రేకు మాత్రమే. దాని మీద పదార్థం ఒక్క పెచ్చుగా ఊడి వచ్చేసింది, జిగురు మరకలు మాత్రం మిగిలాయి. ఒక స్కూలు వ్యాను నుంచి తీశాను. డ్రైవర్ ‘కూత వస్తోంది’ అని తీసుకొచ్చాడు, అంతే. ఇనుము మీద ఇనుము రాసుకుంటూ ఎన్ని రోజులు తిరిగిందో, లోపల ఎంతమంది పిల్లలున్నారో. ఆ రోజు నుంచి నా దగ్గరకు వచ్చే ప్రతి డ్రైవర్‌కూ ఆ రేకు చూపించాకే పని మొదలుపెడతాను. మీ డ్రైవర్‌ను కూడా ఒకసారి పంపండి, అమ్మా. ప్యాడ్ మందం కొలవడం నేర్పి పంపుతాను. కొత్తది 10 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలని అందరూ అంటారు, ట్రైలర్ లాగే బండికి 4 దగ్గరే మార్చమంటాను. పలచబడిన ప్యాడ్ వేడిని ఆపలేదు, నేరుగా ఆయిల్‌కు అందిస్తుంది.

ప్రశ్న: నేను బాలానగర్‌లో ఒక షెడ్డులో హెల్పర్‌ని. బ్రేకులు విప్పగానే కంప్రెసర్ గాలితో పొడి ఊదేయమంటారు మా సార్. గొంతు మంట పుడుతోంది. ఊదక తప్పదా?
— పందొమ్మిదేళ్ల కుర్రాడు

జవాబు: ఊదొద్దు, నాన్నా. పాత లైనర్లలో, ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఇప్పటికీ చవక రకాల్లో ఏముందో చూసి చెప్పలేం. ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే బయటకు రాదు, జబ్బు ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఆస్‌బెస్టాస్ లేని పొడి కూడా పీల్చేది కాదు. బ్రేక్ క్లీనర్ కొట్టి గానీ, సబ్బు నీళ్లతో తడిపి గానీ, కింద ట్రే పెట్టి కడుగు. గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారెయ్. మూతికి సన్న పీచును కూడా ఆపే పీ-100 ఫిల్టర్ మాస్కు పెట్టుకో, చేతి రుమాలు చాలదు. నువ్వు చెబితే మీ సార్ వినకపోతే నన్ను కలవమను, ఆటోనగర్ నుంచి నేనే వచ్చి మాట్లాడతాను. బాలానగర్‌లో నేను హెల్పర్‌గా ఉన్నప్పుడు నాతో పాటు పొడి ఊదిన ఇద్దరికి ఇప్పుడు మెట్లు ఎక్కితే ఆయాసం.